భరించడానికి స్పానిష్ మాట

స్పానిష్ నేర్చుకుంటున్నామని, ఏ పుస్తకం కొనాలో చెప్పమని అప్పుడప్పుడు పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఈ మధ్య ఫోన్లోనే అన్నీ దొరుకుతున్నాయి కాబట్టి వచ్చేవాళ్ళు తగ్గారు. నేను పుస్తకం పేరు చెప్పను. ఇంగ్లీషులో బాగా తెలుసనుకున్న మాట ఒకటి తీసుకుని, స్పానిష్‌లో దానికి ఎన్ని మాటలున్నాయో చూసుకు రమ్మంటాను. సగంమంది మళ్ళీ రారు. వచ్చిన సగంమందికి చెప్పడానికి నాకు ఓపిక ఉండదు. అందుకని ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

నేను కన్నడ రాష్ట్రం అంచున, తెలుగు మాట్లాడే చింతామణిలో కిరాణా కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టాను. బి.ఏ. ఇంగ్లీషు చదివి, బెంగళూరులో సాయంత్రం క్లాసులకు వెళ్ళి స్పానిష్ నేర్చుకున్నాను. స్పానిషే ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పటికీ గొప్ప జవాబేమీ లేదు. ఫ్రెంచి క్లాసులో సీట్లు నిండిపోయాయి, అంతే. ఆ పుణ్యాన బాగేపల్లిలో ఒక సేవాసంస్థలో ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

మా పని ఇదీ. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పేద పిల్లల చదువుకు స్పెయిన్‌లో ఎవరో ఒకరు సాయం చేస్తారు. పిల్ల అప్పుడప్పుడు ఆ దాతకు ఉత్తరం రాయాలి. పిల్ల తెలుగులోనో కన్నడలోనో రాస్తుంది. పల్లెల్లో తిరిగే కార్యకర్త దాన్ని ఇంగ్లీషు చేస్తాడు. ఇంగ్లీషును మేము స్పానిష్ చేస్తాం. ఇన్ని చేతులు మారేసరికి ఉత్తరాలన్నీ ఒకేలా తయారయ్యేవి. నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, ఈసారి వానలు లేవు, నన్ను సపోర్ట్ చేస్తున్నందుకు కృతజ్ఞతలు. చెరువులు నిండిన ఏడు కూడా వానలు లేవనే వచ్చేది. కార్యకర్త చేతికి ఆ వాక్యం అలవాటైపోయింది.

పొద్దున చింతామణిలో బస్సెక్కి చేలూరు మీదుగా బాగేపల్లి చేరేసరికే నాకు సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగంతో ఆ వానలు లేని ఉత్తరాలను సాయంత్రం దాకా స్పానిష్‌లోకి మార్చేదాన్ని. ఇలా ఏళ్ళు గడిచాయి. దీన్ని సేవ అని కొందరు అంటారు. నాకు మాత్రం మెడనొప్పి గుర్తుంది.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజుల్లో మా విభాగానికి ఒక అమ్మాయిని తీసుకున్నారు. కెంచార్లహళ్ళి వైపు రైతుల పిల్ల. చురుకైనది, మాటకారి. కాస్త స్పానిష్ నేర్చుకునే వచ్చింది, మిగతాది నేనే మూడు నెలలు పాఠం చెప్పాను. మేమెవరమూ చేయని పని ఒకటి చేసేది. ఇంగ్లీషు కాగితం కింద కుట్టి ఉన్న తెలుగు ఉత్తరాన్ని కూడా చదివేది. చదివి తనలో తాను నవ్వుకునేది. "నీకు పని తక్కువైందా?" అని అడిగితే, "పిల్లోళ్ళు బొమ్మలేసుంటారు మేడమ్, చూస్తాండా" అనేది.

ఆ అమ్మాయి సొంతంగా చేసిన మొదటి కట్ట ఉత్తరాలు స్పెయిన్ వెళ్ళిన కొన్నాళ్ళకు మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు. పై ఆఫీసు నుంచి ఏ కవరు వచ్చినా ముందు మంచినీళ్ళు తాగి తెరిచేవాడు.

"మేడమ్, ఈయప్ప ఏమో కోపంగా రాసినట్టుండాడు. చదివి చెప్పండి" అన్నాడు.

చదివాను. రాసినది ఒక ముసలాయన. తాను సాయం చేస్తున్న పద్నాలుగేళ్ళ పిల్ల, నన్ను ఓర్చుకుంటున్నందుకు మీకు కృతజ్ఞతలు అని రాసిందట. తనను ఎవరో ఓర్చుకోవాలని ఈ వయసు పిల్లకు ఎవరు నేర్పారు అని అడిగాడు. ఈ చలికాలం దాతల బృందంతో వస్తున్నాననీ, ఆ పిల్లను ఇంట్లోనే చూడాలనీ రాశాడు.

నకళ్ళు తీయించి చూశాం. ఆ అమ్మాయి చేసిన కట్టలో ప్రతి ఉత్తరమూ అలాగే ముగిసింది. సపోర్ట్ అని ఇంగ్లీషులో ఉన్న ప్రతిచోటా సొపొర్తార్ అని పెట్టేసింది. మిగతా దాతలు నవ్వుకుని ఊరుకున్నట్టున్నారు. ఈయన ఒక్కడు ఊరుకోలేదు.

మరునాడు కొత్తవాళ్ళందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద సపోర్ట్ అని పెద్దగా రాశాను. మీరూ వినండి. ఎన్నికల్లో ఒకరి పక్షాన నిలబడితే, దిగులుపడ్డవాళ్ళకు మేమున్నామని చెబితే, అది అపొయార్. ఒక మనిషికి తిండీ బట్టా చూస్తే అది మాంతెనేర్. పడిపోబోతున్నదాన్ని చేత్తో పట్టి నిలిపితే సొస్తెనేర్. సొపొర్తార్ చూడటానికి అచ్చం ఇంగ్లీషు మాటలాగే ఉంటుంది, అక్కడే మోసపోతాం. దూలం పైకప్పు బరువు మోస్తే సొపొర్తార్ అనొచ్చు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి అర్థం మారిపోతుంది. పంటినొప్పిని ఓర్చుకోవడం, నోరు మంచిదికాని చుట్టాన్ని నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోవడం సొపొర్తార్. చదువుకు సాయం చేసిన మనిషికి కృతజ్ఞత చెప్పాలంటే అపొయార్ వాడాలి.

ఆ అమ్మాయి వెనక నుంచి లేచింది. "మేడమ్, మన భరించేదాంట్లో రెండూ వస్తాయి కదా? ఖర్చు భరించేదీ అదే, మొగుని తాగుడు భరించేదీ అదే. నేను తెలుగులో అనుకోని రాసినా."

అందరూ నవ్వారు. "తెలుగులో అనుకుంటే తెలుగులోనే రాసుకో. నువ్వు రాయాల్సింది స్పానిష్" అన్నాను. సమాధానం సరైనదే. ఆ ప్రశ్న కూడా మంచి ప్రశ్నేనని నాకు అప్పుడే తెలుసు. కానీ భోజనం వేళ అయింది.

మేనేజరు ఆ అమ్మాయిని టైపింగుకు మార్చేశాడు. నేను వెళ్ళి వాదించాను. నేర్చుకునేవాళ్ళు తప్పులు చేస్తారనీ, మా అందరికన్నా ఆ అమ్మాయే ఉత్తరాలు శ్రద్ధగా చదువుతుందనీ చెప్పాను.

"తీసెయ్యలేదు కదా మేడమ్, అదే ఎక్కువ" అన్నాడు. "మీరు ఆ ముసలాయప్పతో పోండి. దోవలోనే చెప్పేయండి, అది తర్జుమాలో తప్పు, క్షమించండి అని. పిల్ల ఇంట్లో పోయి రచ్చ చేస్తే పై ఆఫీసుకు నేను జవాబు చెప్పల్ల."

చలికాలంలో దాతలు వచ్చారు. ముసలాయన పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. తన ఊళ్ళో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. చేతిలో రంగు పెన్సిళ్ళ డబ్బా ఉంది. మిగతావాళ్ళంతా బడి చూడటానికి వెళ్ళారు. మేమిద్దరం జీపెక్కాం. మా డ్రైవరు గుంట తప్పించినప్పుడల్లా ఆయన కుడికాలు తనంతట తానే బ్రేకు తొక్కుతున్నట్టు కదిలేది.

చేలూరు దాటకముందే చెప్పేశాను. ఆ మాట పిల్ల రాసినది కాదనీ, మా ఆఫీసులో జరిగిన పొరపాటనీ, ఆ పిల్ల అందరు పిల్లల్లాగే సాయానికి కృతజ్ఞతలు అని మాత్రమే రాసిందనీ చెప్పాను. క్షమాపణ కూడా చెప్పాను.

ఆయన బయటికి చూశాడు. బయట చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఎండిన చెరువు, టమోటా తోటలు, బోరు వేసే లారీ ఒకటి.

"అంటే ఆ పిల్ల ఏమీ అనలేదు" అన్నాడు.

"లేదు."

"నేనే ఇంత దూరం వచ్చాను."

కావాలంటే చేలూరులో కాఫీ తాగి వెనక్కి తిరగొచ్చన్నాను. వస్తున్నామని ఆ ఇంటివాళ్ళకు చెప్పారా అని అడిగాడు. చెప్పామన్నాను. "అయితే వెళ్ళాలి. చెప్పి రాకపోతే బాగుండదు" అన్నాడు. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా మాట్లాడలేదు. అలసటలో నాకు అదే సుఖంగా ఉంది.

చెప్పి పంపినా, ఆ ఇంట్లో మా కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే చివరిసారి పొర విడిచి, గూడు కట్టేముందు ఆగకుండా ఆకు తినే రోజులు. ఆ కొద్దిరోజులూ ఇంటివాళ్ళకు తిండీ నిద్రా ఉండవు. తల్లి చనిపోయిన ఆ పిల్ల మేనమామ ఇంట్లో పెరుగుతోంది. మేనమామ బోరు మోటారు బాగుచేయించడానికి చింతామణి వెళ్ళాడు. లోపల మేనత్త తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తోంది. పిల్ల తోటకూ ఇంటికీ మధ్య ఆకు గంపతో పరుగెడుతోంది.

"చెప్పులు ఆడ్నే ఇడవండప్పా. కాళ్ళూ చేతులూ కడుక్కోని గడపకాడ కూచోండి. పురుగులకు ఏదన్నా తగిలితే పంటంతా పోతాది" అంది అత్త, మా వైపు చూడకుండానే.

ముసలాయన బుద్ధిగా కాళ్ళు కడుక్కుని గడప పక్కన గోనె మీద కూర్చున్నాడు. పిల్ల వచ్చి నమస్కారం పెట్టింది. ఆయన పెన్సిళ్ళ డబ్బా ఇచ్చాడు. అత్త పిల్లలు ముగ్గురూ అప్పటికే చుట్టూ చేరారు. రోజూ బడికి వెళ్తున్నావా అని ఆయన అడిగితే నేను తెలుగులో అడిగాను.

"లేదు మేడమ్. గూడు కట్టేదాకా పోయేదానికి కాదు" అంది పిల్ల. దాచాలని కూడా అనుకోలేదు.

అది చెప్పగానే ఆయన ముఖం మారింది. గోనె మీద నిటారుగా కూర్చున్నాడు. "ఆవిడను అడగండి. ఈ పిల్ల మీకు బరువా?" అన్నాడు.

అడగనా వద్దా అని కాసేపు తటపటాయించాను. పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఆయన స్పెయిన్ వెళ్ళి, ఈ ఇంట్లో పిల్లకు ఆదరణ లేదని ఒక్క ముక్క రాస్తే చాలు. విచారణ అంటారు, పిల్లను తీసుకెళ్ళి ఎక్కడో దూరంగా మా సంస్థ హాస్టల్లో పెడతారు, లేదా పేరే కొట్టేస్తారు. ఆ రెండూ నేను చూసినవే. అయినా అడగమన్నది అడగడమే నా ఉద్యోగం. అడిగాను.

అత్త చేతులు ఆగలేదు. "బరువు కాదని ఎట్ల చెప్పేది తల్లీ? భరిస్తాండా" అంది.

ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. నా నోట్లో రెండు స్పానిష్ మాటలు ఉన్నాయి. మాంతెనేర్ అంటే ఆవిడ దేవత. సొపొర్తార్ అంటే ఆవిడ రాక్షసి. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి, ఒక్క మాట దగ్గర అంతసేపు ఆగిపోయింది ఆ రోజే.

"అక్కా, సాకతాండావని చెప్పాల్నా, ఓర్చుకుంటాండావని చెప్పాల్నా? వాళ్ళ భాషలో రెండిటికీ వేరే వేరే మాటలుండాయి" అన్నాను.

"వేరే వేరేనా?" అత్త మొదటిసారి తలెత్తింది. "మా ఇంట్లో ఒగటే. ఓర్చుకోకుంటే సాకేదెట్ల? దీనమ్మ నా ఆడబిడ్డ. పోయేముందర దీని చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. నన్ను అడిగి పెట్టలే. నేనూ వద్దనలే. నాకు ముగ్గురుండారు, దీన్తో నలుగురు. దినమూ తిడతా. కూడు పెట్టకుండా ఒగ పూటన్నా ఉండానేమో దాన్నే అడుగు."

అడగకముందే పిల్ల చెప్పింది. "పెడతాది మేడమ్. పెట్టేటప్పుడూ తిడతాది."

"తిట్టకుంటే నీకు అరగదు" అంది అత్త.

నేను ముసలాయనకు అంతా చెప్పాను, తిట్లతో సహా. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చినప్పుడు రెండు స్పానిష్ మాటలూ చెప్పి, ఈవిడ వాడిన తెలుగు మాట ఒక్కటేననీ, దాన్ని విడదీయమంటే ఈవిడ ఒప్పుకోవడం లేదనీ చెప్పాను.

"ఆ మాట ఏమిటి?" అని అడిగాడు.

"భరించడం."

రెండుసార్లు పలికి చూశాడు. రాలేదు. తర్వాత చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. ఆయన భార్యకు పక్షవాతం. ఏళ్ళ తరబడి మంచం మీదే ఉంది. స్నానం చేయించేవాడు, తినిపించేవాడు, కోపం వస్తే వంటింట్లోకి పోయి గిన్నెలు విసిరేవాడు. రోజూ దీపం ఆర్పేముందు ఆవిడ, నన్ను భరిస్తున్నందుకు నీకు రుణపడి ఉన్నానని చెప్పేది. ఆవిడ వాడింది సొపొర్తార్ అన్న మాటే. అలా అనకు, ఇందులో భరించేదేముంది అని ఆయన అనేవాడు.

"అబద్ధం చెప్పేవాణ్ణి" అన్నాడు. "ఆవిడ పోయిన కొద్దిరోజులకే ఈ పిల్ల ఉత్తరం వచ్చింది. ఈవిడతో చెప్పండి. నాకు తెలుసు అని చెప్పండి."

చెప్పాను. అత్త చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"సాయానికి ఎవురూ లేరా ఆయప్పకు? పిల్లోళ్ళు?" అంది. ఆయన్ని అడిగి చెప్పాను.

"లేరు."

"ఒగడే చేసినాడా అంతా?"

"ఒక్కడే."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. పిల్లతో, "ఆయప్పకు కాఫీ పెట్టుపో. చక్కెర బాగా వెయ్యి" అంది.

కాఫీ తాగాక ముసలాయన లేచి మళ్ళీ చేతులు కడుక్కుని గడప దగ్గర నిలబడ్డాడు. అత్త ఒక్క క్షణం ఆలోచించి లోపలికి రానిచ్చింది. ఆకు ఎలా పరచాలో చేత్తోనే చూపించింది. మా డ్రైవరు జీపు హారను కొడుతూనే ఉన్నాడు. పొద్దు వాలేదాకా ముసలాయన వంగిన నడుముతో తట్ట తర్వాత తట్ట మీద ఆకు పరిచాడు. నేను గోనె మీద కూర్చుని ఆ పురుగులు తినే చప్పుడు వింటూ కునికిపాట్లు పడ్డాను. అనువదించడానికి అక్కడ ఏమీ లేదు.

బయలుదేరేటప్పుడు ఒక్కటే అడిగాడు. గూడు కట్టాక పిల్లను బడికి పంపుతారా అని.

"పంపనని నేను యాడ చెప్పినా? ఎస్సెస్సెల్సీ గూడా రాయిస్తా. పాసయ్యేది మాత్రం దాని చేతిలో ఉండాది" అంది అత్త.

మరునాడు మేనేజరు నా నివేదికలో, సందర్శన సంతృప్తికరంగా జరిగింది అని రాయించుకుని సంతకం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయిని తిరిగి మా విభాగానికి తెమ్మని మళ్ళీ అడిగాను. చూద్దామన్నాడు. చూస్తూ ఉండగానే ఆ అమ్మాయి బెంగళూరులో స్పానిష్ ఫోన్లు తీసుకునే ఒక కాల్ సెంటర్‌కు వెళ్ళిపోయింది. ఇప్పుడు పెద్ద హోదాలో ఉందట. మేము ఆ అమ్మాయికి చేసిన మేలు అదొక్కటే.

తర్వాత మా పనీ మారిపోయింది. ఉత్తరాల బదులు అచ్చువేసిన కార్డులు వచ్చాయి. పిల్ల గడిలో టిక్కు పెడితే చాలు. నా మెడకు కాస్త విశ్రాంతి. ముసలాయన మాత్రం తెల్లకాగితం మీదే రాసేవాడు. చివర ఎప్పుడూ పురుగులు బాగున్నాయా అని అడిగేవాడు. పిల్ల ఎస్సెస్సెల్సీ పాసై చింతామణిలో హాస్టల్లో ఉండి పియుసిలో, అంటే ఇంటర్లో, చేరింది. అత్త ఆఫీసుకు వచ్చినప్పుడల్లా, "ఆయప్ప వంట యట్ల చేసుకుంటాండాడో అడిగి రాయమ్మా" అనేది. రాసేదాన్ని. ఉడకబెట్టుకుని తింటున్నానని జవాబు వచ్చేది.

ఒకరోజు పై ఆఫీసు నుంచి ఒక్క లైను వచ్చింది. ఫలానా దాత మరణించారు, పిల్లకు మరొకరిని కేటాయించండి అని. అలాంటప్పుడు ఇంటికి ఒక కార్డు పంపుతాం. మీ దాత సాయం కొనసాగించలేకపోతున్నారు అని ఉంటుంది అందులో. చనిపోయారని రాయకూడదు. అది నియమం.

ఆ కార్డును పోస్టులో వేయలేకపోయాను. నేనే బస్సెక్కాను.

అత్త పొలంలో ఉంది. బోరు ఎండిపోయి మల్బరీ పీకేశారు. ఇంకొకరి నీళ్ళతో కాస్త టమోటా వేశారు. ఆవిడ కొయ్యలకు తీగలు కడుతోంది. నన్ను చూడగానే, పిల్లకేమన్నా అయిందా అని అడిగింది. కాదని చెప్పి, విషయం చెప్పాను.

కడుతున్న ముడి బిగించింది.

"దగ్గర ఎవురుండారో" అంది.

"తెలీదక్కా."

"నిప్పు ఎవురు పెట్టినారో."

అదీ తెలియదన్నాను.

చేతిలో పురికొస ఉండను గట్టు మీద పెట్టి, "ఉండమ్మా" అని ఇంటి వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. ఇంటి వెనక తొట్టి దగ్గర, కట్టుకున్న చీరతోనే కూర్చుని, చెంబుతో నీళ్ళు ముంచి తల మీద పోసుకుంది. అయినవాళ్ళు పోయారని కబురు విన్నప్పుడు పోసుకున్నట్టు, ఒక చెంబు తర్వాత ఒక చెంబు.

లేచి జుట్టు పిండుకుంటూ వచ్చింది.

"నువ్వు పోమ్మా, బస్సుకు పొద్దవుతాది. పిల్లకు నేనే పోయి చెప్తా. అదీ తలకు పోసుకోవల్ల."